మూడు పూటల మాట

చేతికి ఏది దొరికినా అతను కిటికీ వైపు ఎత్తి, ఎడమ కన్ను మూసి, కుడికీ ఎడమకీ ఒకసారి జరిపి చూస్తాడు. మంచినీళ్ళ గ్లాసు, నూనె సీసా, చొక్కా గుండీ, ఏదైనా సరే. అక్క తన పెళ్ళి పత్రిక చేతికిచ్చిన రోజు దాన్ని కూడా అలాగే ఎత్తాడు.

"అందులో పవరేమీ లేదురా. చదువు" అంది అక్క.

కళ్ళజోళ్ళ అద్దాలు సాన పట్టడం అతని పని. షాపుకి ముందు గది ఒకటి, వెనక గది ఒకటి. ముందు గదిలో నిలువుటద్దాలు, దీపాలు, వరసగా ఫ్రేములు, షాపు యజమాని. వెనక గదిలో సానరాయి తిరిగే మిషను, రాయి మీద చుక్కచుక్కగా పడే నీళ్ళు, ఒక కిటికీ, అతను. రెండు గదుల మధ్య గోడలో జానెడు కంత. యజమాని చీటీని కంతలోంచి లోపలికి తోస్తాడు. సాయంత్రానికి అద్దాలు అదే కంతలోంచి బయటికొస్తాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంతే. "లోపలాయన్ని అడగాలండీ." "లోపలాయన రేపిస్తానన్నాడండీ." యజమాని నోట అలా నలిగి నలిగి అతనికి లోపలాయన అనే పేరే ఖాయమైంది.

కిటికీకి నిలువు ఊచలున్నాయి. అద్దాన్ని కంటికి ఎదురుగా పట్టి పక్కకి జరిపితే, ఊచ దాంతో పాటే జరిగిందంటే అది దూరం చూసే అద్దం. ఎదురు జరిగిందంటే చదువుకునే అద్దం. ఎంత జరిగిందో చూసి పవరెంతో చెప్పేస్తాడు. తర్వాత మిషను కొలిచినా అదే అంకె వస్తుంది. మనుషుల ముఖాలు మాత్రం అతనికి తెలియవు. చీటీలో పేరు రాసే చోటు అతని బొటనవేలి కింద ఉండిపోతుంది. అంకెలు గుర్తుంటాయి. చీటీలో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి, ఎందుకని అడగకూడదు. ఆ పనికి అదొక్కటే నియమం.

అమ్మానాన్నా పోయాక అతన్ని పెంచింది అక్కే. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. వద్దని ఎవరూ అనుకోలేదు. ఒకరికి చూస్తే ఇంకొకరు మిగిలిపోతారని వాయిదా వేశారు. ఆ వాయిదాకి ముప్పై ఏళ్ళొచ్చాయి. ఈ ఏడు, యాభై ఆరేళ్ళ వయసులో, అక్క పెళ్ళి చేసుకుంది. పన్నెండేళ్ళుగా తను ఆఫీసుకి వెళ్ళిన బస్సు డ్రైవర్ని.

"ఆయన రిటైరైపోతున్నాడు. వచ్చే డ్రైవరు బ్రేకు గట్టిగా వేస్తాడట" అంది, కారణం అడిగినవాళ్ళతో.

అతనికి సంతోషంగానే ఉంది. నిజంగానే. అక్క కుట్టుమిషన్ని మూడంతస్తులు దింపి ఆటోలో పెట్టింది అతనే. బావ చెయ్యి పట్టుకుని "జాగ్రత్త బావా, దీనికి నూనె పడుతూ ఉండాలి" అన్నాడు. మిషను గురించే అన్నాడు. అందరూ నవ్వితే అతనూ నవ్వాడు.

అక్క వెళ్ళిన నాలుగో రోజు నుంచి చెవిలో సానరాయి తిరుగుతున్నట్టు మొదలైంది. మిషను ఆపినా ఆగేది కాదు. చెయ్యి వణికేది. అద్దం మీద సిరాతో చుక్క పెట్టబోతే చుక్క కాస్తా గీత అయ్యేది. అన్నం సగంలో లేచిపోయేవాడు. అక్క ఉన్నప్పుడు మాత్రం వాళ్ళేం మాట్లాడుకునేవాళ్ళు గనక. "వచ్చావా" అనేది. "ఊఁ" అనేవాడు. "పెట్టెయ్యనా" అనేది. "ఊఁ" అనేవాడు. రోజు మొత్తానికి అంతే. ఎన్నడూ లేని మాటలు ఇప్పుడెలా తగ్గాయో అతనికి అంతుబట్టలేదు.

మూడు వారాలు ఓర్చుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మ జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. గుండెకి తీగలు తగిలించి కాగితం మీద గీతలు తీయించింది.

"గుండెకేం లేదు. రక్తపోటు బాగా ఎక్కువుంది. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను."

"ఇంకా?"

అతను ఆలోచించాడు. "నేనే."

"పనిలో ఎవరితో మాట్లాడతారు?"

"చీటీలొస్తాయండీ."

"చీటీలు మాట్లాడతాయా?"

"నాకు కావాల్సినంత మాట్లాడతాయి."

డాక్టరమ్మ నవ్వలేదు. కలం తీసుకుని మాత్ర పేరు రాసింది. దాని కింద ఇంకో వరస రాసింది. "మాత్ర ఒక్కటే సరిపోదండీ. మనిషి మాటల్లేకుండా ఎండిపోతుంటే పాపం మాత్ర ఏం చేస్తుంది? మూడు వారాలాగి రండి. అప్పటికీ చెయ్యి నిలబడకపోతే ఈ పని మానుకోవాల్సి వస్తుంది."

బయటికొచ్చి చీటీని వెలుతురుకి ఎత్తి చూశాడు. మాత్ర, రోజుకొకటి. దాని కింద: మాటలు, పది నిమిషాలు, మూడు పూటలా.

ఇంకొకరైతే ఆవిడ సరదాకి రాసిందనుకునేవారు. అతనికి చీటీ అంటే చీటీ.

మర్నాడు ఉదయం, కాఫీ తాగాక, మెట్లెక్కి పై వాటాలో తలుపు కొట్టాడు. పదేళ్ళుగా ఆ వాటాలో ఉంటున్నావిడ తలుపు ఓరగా తీసింది.

"నీళ్ళు కారుతున్నాయా మీ గదిలోకి?"

"లేదండీ."

"మా వాళ్ళు చప్పుడు చేస్తున్నారా?"

"లేదండీ."

"మరి?"

"ఊరికే వచ్చానండీ."

ఆవిడ అతని చేతుల వైపు చూసింది, వెనక మెట్ల వైపు చూసింది. "ఊరికే ఎవరొస్తారండీ?" అంది. తలుపు మెల్లగా మూసుకుంది. వాచీ చూసుకున్నాడు. ఒక నిమిషం కూడా కాలేదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ముందు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. యజమాని ఫ్రేములు తుడవడం ఆపాడు. "సెలవా?"

"కాదు."

"ఒంట్లో బాగాలేదా?"

"దాని గురించే. మీతో పది నిమిషాలు మాట్లాడాలి."

"చెప్పు."

"అంతే. మాట్లాడాలి."

యజమాని కుర్చీ చూపించాడు. ఇద్దరూ కూర్చున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ కుర్చీలో అతను కూర్చోవడం అదే మొదలు. నాలుగో నిమిషంలో ఒకామె కళ్ళజోడు కోసం వచ్చి, ఎదురు కుర్చీలో నిలువుటద్దం వైపు చూస్తూ బిగుసుకుపోయిన మనిషిని చూసి తర్వాతొస్తానని వెళ్ళిపోయింది. ఆ పైన యజమాని ఒక ఒప్పందానికి వచ్చాడు. రోజూ మధ్యాహ్నం కంతలోంచి చీటీ మీద చీటీ తోసేవాడు. "ఏం తిన్నావు?" "ఎండగా ఉందా ఆ గదిలో?" అతను దాని కిందే జవాబు రాసి వెనక్కి తోసేవాడు. అది మాటల్లోకి వస్తుందో రాదో తేలలేదు.

సాయంత్రం పూట కుదిరింది. ఎలా కుదిరిందో కూడా తెలియకుండా కుదిరింది.

ఇంటికెళ్ళే దారిలో టీకొట్టు, దాని ముందొక బల్ల. బల్ల చివర అరవై ఏళ్ళ మనిషి ఒంటరిగా కూర్చునేవాడు. మోచేతుల దాకా సున్నం కరిచిన మరకలు. కళ్ళజోడు చొక్కా జేబులో ఉండేది. లోపలాయన పక్కన కూర్చుని వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఎవరికోసమైనా చూస్తున్నారా?" అన్నాడు ఆ మనిషి.

"లేదండీ. పది నిమిషాలు మాట్లాడాలి."

"ఎవరితో?"

"ఎవరితోనైనా."

"ఏం మాట్లాడాలి?"

"అది రాయలేదు."

ఆ మనిషి కాసేపు వాచీని చూశాడు. "సరే. నేను మాట్లాడతా. మీరు టైము చూడండి."

ఆయన తాపీ మేస్త్రీ. నలభై ఏళ్ళు గోడలు కట్టాడు. గోడల గురించి చెప్పాడు. ఇటుకని ముందు నీళ్ళలో నాననివ్వాలి, పొడి ఇటుక సిమెంటులో నీళ్ళు తనే తాగేసి తర్వాత దేనికీ అతకదు. మూలలు ముందు లేపాలి, మధ్య తర్వాత. వాన పడ్డాకే గోడ గుణం తెలుస్తుంది. పది నిమిషాలు అయ్యాయని లోపలాయన వాచీ చేతికి పెట్టుకుంటే, "ఇంకా కిటికీ దగ్గరికే రాలేదు, కూర్చోండి" అన్నాడు మేస్త్రీ.

మూడో రోజుకి వాచీ బల్ల మీద పెట్టడం మానేశాడు. అయిదో రోజుకి మేస్త్రీ అతన్ని "తమ్ముడూ, నువ్వు" అన్నాడు. ఏం పని చేస్తావని అడిగితే "షాపులో, లోపల" అన్నాడు. ఇంకా అడిగితే చెప్పేవాడే. మేస్త్రీ అడగలేదు, ఆయన దగ్గర ఇంకా చాలా గోడలున్నాయి.

"ఒక్కో టీతో గంటేసి కూర్చుంటే ఆ బల్ల మీ ఇద్దరి పేరా రాసేస్తాను" అనేది టీకొట్టావిడ.

అన్నం మొత్తం తినగలుగుతున్నాడు. చెవిలో రాయి నెమ్మదించింది. ఒకరి గోడల సంగతి వింటే తన చెయ్యి ఎందుకు నిలబడుతుందో అతనికి అర్థం కాలేదు. చీటీని ఎందుకని అడగకూడదు గనక అడగలేదు.

పదో రోజు మేస్త్రీ టీ తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆ దీపస్తంభం నీకెలా ఉంది?"

"ఎలా ఉండటమేమిటి?"

"నిటారుగా ఉందా?"

"ఉంది."

"నాకు వాలింది." గ్లాసు కింద పెట్టాడు. "నెల కావస్తోంది. పనిలో ఉండగా మొదలైంది. ఛాతీ ఎత్తు గోడ లేపాను. చూస్తే వాలి ఉంది. మా అల్లుడు నా కిందే పని చేస్తాడు. దారం కట్టి గుండు వేలాడదీసి చూపించాడు. సరిగ్గానే ఉంది మామా అన్నాడు. నీ గుండే వాలిందన్నాను. నలభై ఏళ్ళుగా నేను ముందు కంటితో చూసి, ఆ తర్వాత గుండుతో చూసినవాణ్ణి. కూలగొట్టించాను. మళ్ళీ కట్టాను, నా కంటికి నిటారుగా ఉండేట్టు. ఈసారి ఇల్లు కట్టించుకునేవాళ్ళే వచ్చి నవ్వారు. మా అల్లుడన్నాడూ, మామా, గుండు వాలదు, కన్నే వాలుతుంది అని. తాపీ వాడి చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ గోడ ఇంకా అలాగే ఉంది."

"డాక్టరికి చూపించావా?"

"కళ్ళ డాక్టరు చూశాడు. ఈ కళ్ళజోడు రాసింది ఆయనే. కొత్తది కదా, అలవాటవుతుంది అన్నాడు. అలవాటు కాలేదు. తీసేస్తే అంతా మసక. మసకలో నిటారేముంది, వాలేముంది. ఇంట్లో మా ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చాను తమ్ముడూ. అరవై ఏళ్ళ మనిషిని."

లోపలాయన టీ తాగుతూనే ఉన్నాడు. తర్వాత గ్లాసు పెట్టి, "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు" అన్నాడు.

కళ్ళజోడు అందుకోగానే వేలికి తెలిసింది. ముక్కు వైపు అంచుని రవ్వంత ఎక్కువ నునుపు చెయ్యడం అతని ఒక్కడి అలవాటు. దస్తూరీ లాంటిది అది. పైకెత్తి, ఎడమ కన్ను మూసి, స్తంభం మీద పట్టి తిప్పాడు.

కొందరి కన్ను గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డులా ఒక వైపుకి సాగి ఉంటుంది. అద్దాన్ని ఆ సాగిన వైపుకే తిప్పి కొయ్యాలి. ఎంత తిప్పాలో చీటీలో అంకె ఉంటుంది. అలాంటి అద్దంలోంచి నిలువు గీతని చూస్తే అద్దం అంచు దగ్గర గీత విరిగినట్టుంటుంది. తిప్పుతూ పోతే సరైన కోణం దగ్గర అతుక్కుంటుంది. స్తంభం అతుక్కుంది. ఇరవై డిగ్రీల దగ్గర అతుక్కోవాల్సింది నూట అరవై దగ్గర అతుక్కుంది. రెండు అద్దాలూ అంతే. కోణానికి చుక్క అద్దం బయటి వైపు పెడతారు. లోపలి వైపు పెట్టి కోస్తే ఇరవై కాస్తా ఎదురు తిరిగి నూట అరవై అవుతుంది. పని నేర్చుకునే మొదటి వారంలో చేసే తప్పు అది. ఆ అంకెలు అతనికి గుర్తున్నాయి. అక్క వెళ్ళిపోయిన వారం, చుక్క గీత అయి, తుడిచి మళ్ళీ పెట్టిన అద్దాలు.

"ఏముంది?" అన్నాడు మేస్త్రీ.

"మరకలున్నాయి" అన్నాడు. చొక్కా అంచుతో రెండు వైపులా తుడిచి ఇచ్చేశాడు.

ఎందుకలా అన్నాడో ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించినా తెలియలేదు. మాట అతను అన్నట్టు లేదు. నోట్లో ఉన్నదేదో బయటికొచ్చింది.

మర్నాడు షాపులో మేకుకి గుచ్చిన చీటీలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాడు. దొరికింది. ఇరవై. అంకె స్పష్టంగా ఉంది. ఆ మధ్యాహ్నమే కొత్త జత సాన పట్టాడు. చుక్క బయటి వైపు పెట్టాడు. చెయ్యి వణకలేదు. వణకని చెయ్యిని చూసి భయమేసింది.

యజమాని కంతలోంచి తోసిన చీటీలో "ఇవాళ ఏం తిన్నావు?" అని ఉంది. దాని కింద జరిగింది రాసి తోశాడు. ఈసారి యజమానే వెనక గదిలోకి వచ్చాడు.

"ఎవరికీ చెప్పకు. మార్చి ఇచ్చెయ్. పవరు మారిందని చెప్పు. అందరూ అలాగే చెబుతారు."

"తప్పు నాది కదా."

"నువ్వెవరికి తెలుసు? అద్దాలు మిషను చేస్తుందనుకుంటారు జనం. లోపల మనిషున్నాడని ఎవడికి తెలుసు?"

కొత్త అద్దాలు కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఇద్దామనుకున్నాడు. మేస్త్రీ ఆ రోజు మెట్ల గురించి చెప్పాడు. మెట్టు ఎత్తు ఒక్కటి తేడా వచ్చినా కాలు దాన్ని మర్చిపోదట. మర్నాడు ఇద్దామనుకున్నాడు. మర్నాడు వాన. వానలో కూడా మేస్త్రీ వచ్చాడు, అతని కోసమే వచ్చాడు, గొడుగు పట్టుకుని. "నువ్వొస్తావని తెలుసు" అన్నాడు. అతనితో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఇస్తే మేస్త్రీ గోడ దగ్గరికి వెళ్ళిపోతాడు. బల్ల ఖాళీ అవుతుంది. మళ్ళీ చెవిలో రాయి. ఇవ్వకపోతే మేస్త్రీ ఇక్కడే ఉంటాడు, వాలిన స్తంభాన్ని చూస్తూ. జేబులో కాగితం చెమటకి మెత్తబడింది. ఏ అద్దమైనా సరే, జరిపితే ఊచ తోడుగా వస్తుందో ఎదురొస్తుందో చెప్పగలడు. ఇది ఎటు జరుగుతోందో చెప్పలేకపోయాడు. తను మంచివాడో చెడ్డవాడో తెలియకుండా టీ తాగడం అతనికి ఇదే మొదలు.

చెప్పిన తేదీకి ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మ గాలి కొట్టి, అంకె చూసి, మళ్ళీ కొట్టింది.

"భలే తగ్గిందే. చేతులు చాపండి. చూశారా, వణుకు లేదు. మందు పడింది."

"ఆ మందు ఇంకొకరికి పడకపోతే?"

"మాత్రా?"

"మాటలు."

"మాటలు ఎవరికి పడవండీ?" అంది డాక్టరమ్మ నవ్వుతూ. ఇంకో నెలకి అదే రాసిచ్చింది. మూడు పూటలా.

ఆదివారం అక్కా బావా వచ్చారు. అక్క వంటింట్లోకి వెళ్ళి డబ్బాల మూతలన్నీ తీసి చూసింది. "తింటున్నావే" అంది. మాట వరసకి తిట్టినట్టే అంది గానీ గొంతులో ఊరట ఉంది. అతను అంతా చెప్పాడు. అక్కతో ఒకే రోజు అన్ని మాటలు చెప్పడం ఎప్పుడూ లేదు. అక్క గరిటె పట్టుకునే విన్నది.

"నిన్ను ఒంటరిగా వదిలి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే ఒకాయన గోడ కూల్చావా?"

"నేను కూల్చలేదక్కా. ఆయనే..."

"ఎవరి కళ్ళతో కూల్చాడు?"

అతను జేబులోంచి కాగితం పొట్లం తీసి అక్క ముందు పెట్టాడు.

"నీ జబ్బు తగ్గడానికి ఆయన కళ్ళు దాచుకున్నావన్నమాట."

"ఇద్దామనే రోజూ తీసుకెళ్తున్నా."

"రోజూ తెచ్చుకుంటున్నావు కూడా."

బావ అంతసేపూ కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. రిటైరైనా ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. "మా బస్సులో అప్పుడప్పుడూ తప్పు బస్సెక్కినవాళ్ళు కనబడేవాళ్ళు" అన్నాడు. "ముఖం చూస్తే తెలిసిపోతుంది. తర్వాతి స్టాపులోనే చెప్పాలి బావమరిదీ. ఆఖరి స్టాపులో చెబితే, చెప్పినవాణ్ణే తిడతారు."

"ఎన్ని స్టాపులు దాటాయి?" అంది అక్క.

"పది రోజులు."

అక్క గరిటె కింద పెట్టింది. "నేనైనా నీ దగ్గర్నుంచి ఇంకా ముందే వెళ్ళాల్సిందేమో. నువ్వు మిగిలిపోతావని ఆగాను. ఆగితే ఏం మిగిలింది, ఇద్దరం మిగిలాం." ఆ మాట తిట్టో, క్షమాపణో అతనికి తెలియలేదు. అక్కకీ తెలిసినట్టు లేదు. పొయ్యి వైపు తిరిగి "పెట్టెయ్యనా" అంది.

"ఊఁ" అన్నాడు.

సోమవారం సాయంత్రం చిన్న స్క్రూడ్రైవరు కూడా జేబులో వేసుకుని వెళ్ళాడు. మేస్త్రీని కళ్ళజోడు అడిగి తీసుకుని, బల్ల మీద రుమాలు పరిచి, మరలు విప్పాడు.

"ఇది టీకొట్టా, కళ్ళాసుపత్రా?" అంది టీకొట్టావిడ.

పాత అద్దాలు తీసి, కొత్తవి బిగించి, తుడిచి, రెండు చేతులతో అందించాడు. మేస్త్రీ పెట్టుకున్నాడు. స్తంభం చూశాడు. ఎదుటి మేడ అంచు చూశాడు. తల ఒక వైపుకి వంచి, మళ్ళీ నిటారుగా పెట్టి, స్తంభాన్నే చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిలబడింది" అన్నాడు మెల్లగా. "కన్ను బాగుపడిందా, తమ్ముడూ?"

అవునంటే అయిపోయేది. పవరు మారిందంటే అయిపోయేది. యజమాని మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

"కన్ను ఎప్పుడూ బాగానే ఉంది. అద్దం తప్పు. తప్పుగా కోసింది నేను."

"నువ్వా? మిషను కదా చేసేది."

"మిషను దగ్గర నేనుంటాను."

మేస్త్రీ అతన్ని కొత్త అద్దాల్లోంచి చూశాడు. అతని ముఖాన్ని మొదటిసారి సరిగ్గా చూస్తున్నట్టు చూశాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"గోడ సంగతి చెప్పావే, ఆ రోజు."

మేస్త్రీ పెదవులు కదిలాయి. లెక్క వేసుకుంటున్నాడు. "పదకొండు రోజులు."

"ఊఁ."

"మరకలున్నాయన్నావు."

"ఊఁ."

"తుడిచి ఇచ్చావు కూడా." గ్లాసులో టీ సగం ఉంది. దాన్ని పక్కకి జరిపాడు. "తప్పు ఎవరైనా చేస్తారు. నేను గోడే కూల్చాను. ఈ పదకొండు రోజులు ఏమిటి?"

"నువ్వు పనిలోకి వెళ్ళిపోతే ఈ బల్ల దగ్గరికి రావని."

చెప్పాక అది ఎంత చిన్న మాటో వినబడింది. మేస్త్రీకి కోపం వచ్చినట్టు లేదు. అది ఏమిటో ఆయనకీ అర్థమైనట్టు లేదు. లేచి నిలబడ్డాడు. "నేను వస్తానో రానో నన్నడగాల్సింది" అన్నాడు. వెళ్ళిపోయాడు. గొడుగు బల్లకి ఆనించి మర్చిపోయాడు. వాన లేదు, ఆకాశంలో మబ్బు మాత్రం ఉంది.

మర్నాడు ఉదయం లోపలాయన కాఫీ తాగి, గొడుగు పట్టుకుని, షాపుకి పోయే వైపు కాకుండా అటు వైపు నడిచాడు. ఆ గోడ ఎక్కడుందో అతనికి తెలుసు. నీళ్ళ ట్యాంకు దాటి మూడో వీధి, ఆకుపచ్చ గేటు ఇంటి వెనక, కొత్తగా కడుతున్న రెండు గదులు. అన్ని సాయంత్రాలు విన్నాక ఆ గోడలో ఇటుకలెన్నో కూడా తెలుసు.

గోడ మళ్ళీ నేలమట్టమై ఉంది. ఈసారి వరసగా, జాగ్రత్తగా విప్పిన ఇటుకలు తొట్టిలో నానుతున్నాయి. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని మొదటి వరస వేస్తున్నాడు. తాపీ ఆయన చేతిలో ఉంది. అల్లుడు సిమెంటు కలుపుతూ తలెత్తాడు.

"ఎవరు కావాలండీ?"

గొడుగు చూపించాడు. మేస్త్రీ వెనక్కి తిరగలేదు.

"అక్కడ పెట్టి వెళ్ళు."

పెట్టాడు. వెళ్ళలేదు.

"ఇంకేమిటి?"

"డాక్టరమ్మ చీటీలో ఉదయం పూట కూడా ఉంది" అన్నాడు. "అది ఇప్పటిదాకా ఖాళీగానే ఉంది."

అల్లుడు ఒకసారి ఇతన్నీ ఒకసారి మామనీ చూశాడు. మేస్త్రీ ఒక ఇటుక తీసి, నీళ్ళు కారనిచ్చి, సిమెంటు మీద పెట్టి, తాపీ పిడితో రెండుసార్లు తట్టాడు. ఇంకో ఇటుక పెట్టాడు. అది కూడా తట్టాడు. తర్వాత పక్కనున్న దారం ఉండ అందుకుని, చూడకుండానే వెనక్కి విసిరాడు.

"ఆ మూలకెళ్ళి చివర పట్టుకో. బిగించి పట్టుకో."

లోపలాయన మూలకి వెళ్ళి కూర్చుని దారం కొస పట్టుకున్నాడు. అలవాటుగా ఎడమ కన్ను మూశాడు. దారం వణుకుతోంది. గాలికో, తన చేతికో తెలియలేదు.

"ఆగేదాకా పట్టుకో" అన్నాడు మేస్త్రీ.

షాపు తెరిచే వేళ దాటిపోయింది. అతను పట్టుకునే ఉన్నాడు.